పుచ్చుకొనుటలోని నేర్పు

1755వ సంవత్సరమున లండను నగరమున వెలువడిన తన ఆంగ్ల నిఘంటువునందు శామ్యూల్ జాన్సన్ పండితుడు ‘టేక్’ అను ఒక్క క్రియకు 134 అర్థభేదములను చూపెను. తన భాషలోని కొన్ని క్రియలు వాడుకలో మిక్కిలి విస్తరించి, అర్థము నిలుకడలేక, నిర్వచనమునకు లొంగకున్నవనియు, వానికి చిన్నచిన్న అవ్యయములు తోడైనప్పుడు పుట్టెడి పలుకుబళ్లు పరదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ క్లేశమును గలిగించుననియు ఆ గ్రంథపు పీఠికలో ఆయనయే అంగీకరించి, అట్టివానిని శ్రద్ధతో పోగుచేసితినని చెప్పుకొనెను. తరువాతివారు ఈ విషయమున ఆయనను మించిపోయిరి. ఆక్స్‌ఫర్డు నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో ‘సెట్’ అను క్రియకు సుమారు 430 అర్థములు చోటుచేసికొనగా, ఇటీవలి సవరణలో ‘రన్’ అను క్రియ 645 అర్థములతో దానిని వెనుకకు నెట్టినది. ఈ అంకెలను వినిన విద్యార్థికి గుండె జారుట సహజము. కాని ఈ అర్థములను ఆంగ్లేయులు సైతము వల్లెవేసి నేర్వలేదు. మనకును ఆ పని అక్కరలేదు. క్రియయొక్క స్వభావమును పసిగట్టి, దాని తోడివచ్చు అవ్యయము ఏ దిక్కునకు లాగుచున్నదో చూచి, పలుకుబడిని ముక్కలు చేయక నిండుగా, మన ఇంటి తెలుగు ప్రక్కన నిలిపి నేర్చినవానికి ఆ క్రియ తనంతట తానే వశమగును. ఈ అధ్యాయమున ‘టేక్’ నొక్కదానిని తీసికొని ఆ మార్గమును చూపెదను.

ఈ మాటలు నేను వ్రాయుచున్నది, పట్టపరీక్షలో నెగ్గి, ఆంగ్లపత్రికల సంపాదకీయములను తడుముకొనకుండ చదివి, జిల్లా కలెక్టరుగారికి అర్జీని తప్పులేకుండ వ్రాయగలిగియుండియు, ఎదుటివాడు ‘ఐ వాజ్ కంప్లీట్లీ టేకెన్ ఇన్’ అన్నప్పుడు, అక్కడ నవ్వవలయునో జాలిపడవలయునో తెలియక బిక్కమొగము వేయువారికొఱకు. అట్టివారి కష్టమునకు కారణము తెలివితక్కువ కాదు. మనము ఆంగ్లమును చెవితో కాక కంటితో నేర్చితిమి. కంటికి ముందుగా ఆనునవి పెద్దమాటలు. ‘ఇన్వెస్టిగేట్’, ‘పోస్ట్‌పోన్’, ‘పార్టిసిపేట్’ మొదలగు లాటిన్ సంతతి పదములు మన తత్సమములవలె గంభీరముగా నుండి, ఇంచుమించుగా ఒక్కొక్కటి ఒక్కొక్క అర్థమునకు కట్టుబడి, విద్యార్థికి నమ్మదగినవిగా తోచును. ‘టేక్’, ‘గెట్’, ‘పుట్’ వంటి పొట్టిమాటలన్ననో, మొదటి వాచకములోనే చదివితిమి గనుక అవి వచ్చినవే యని అందఱును దాటిపోవుదురు. గ్రాంథికపు పోకడను విడువలేని నావంటివాడు పొట్టిమాటల మహిమను చాటబూనుట చదువరికి వినోదము గలిగింపవచ్చును, గలిగింపనిండు.

చిత్రమేమనగా, ఇంతటి పెత్తనము చేయుచున్న ఈ ‘టేక్’ ఇంగ్లండున పుట్టినది కాదు. ప్రాచీనాంగ్లమున ఈ యర్థమున ‘నిమాన్’ అను వేఱొక క్రియ యుండెడిది. తొమ్మిదవ శతాబ్దమున డెన్మార్కు, నార్వే తీరములనుండి ఓడలపై వచ్చి ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగములలో స్థిరపడినవారి నోట ‘టాకా’ అను మాట యుండెను. వచ్చినవారి మాట కొన్ని శతాబ్దములలో ఉన్నవారి మాటను వెడలగొట్టెను. ‘నిమాన్’ నేడు స్పర్శ పోయిన అవయవమును చెప్పు ‘నమ్’ అను మాటలో గుర్తుపట్టరాకుండ దాగియున్నది. ‘టాకా’కు చుట్టమైన గోథిక్ పదమునకు తాకుట యని యర్థము, దానిని మన ‘తాకు’తో ముడిపెట్టి మురియవలదు, ధ్వని కలిసినంతమాత్రమున చుట్టరికము కుదురదు.

చుట్టరికము లేకున్నను, స్వభావమున ‘టేక్’కు జోడు కాదగిన క్రియ మనకు లేకపోలేదు. ‘పట్టు’ అను మాటను తలచుకొనుడు. ఎండలో గొడుగు పట్టుదురు. దేవునికి హారతి పట్టుదురు. ఇనుము తుప్పు పట్టును. పిల్లవానికి కునుకు పట్టును. ముసలివాడు మంచము పట్టును. అలిగినవాడు మంకుపట్టు పట్టును. సంచిలో పదికిలోల బియ్యము పట్టును. పొరుగూరికి గంట పట్టును. ఒకరి గోడు మఱియొకరికి పట్టదు. ఇన్ని చోట్ల ఒకే క్రియ ఎట్లు సరిపోయినదని మనము ఏనాడును ఆశ్చర్యపడలేదు. అమ్మమ్మ నోట వింటిమి, అంటిమి. ఆంగ్లేయ బాలుని సంగతియు అంతియే. పైగా వీనిలో కొన్నిచోట్ల ‘టేక్’ అచ్చముగా అతుకును. గంట పట్టునని మన మనుచోట వారు ‘ఇట్ టేక్స్ ఎన్ అవర్’ అందురు. బస్సులో ఏబదిమంది పట్టుదురనుటకు ‘ది బస్ టేక్స్ ఫిఫ్టీ’ అందురు. మంచము పట్టెననుటకు ‘హి టుక్ టు హిజ్ బెడ్’ అందురు. కాలము, చోటు, రోగము అను మూడు దూరపు సంగతులను ఒకే క్రియకు అప్పగించిన బుద్ధి రెండుభాషలకును ఒకటియే.

‘టేక్’ స్వభావమును ఇట్లు చెప్పవచ్చును: వస్తువు గాని, మాట గాని, కాలము గాని, భారము గాని తానున్న చోటు విడిచి కర్త చేతికో, మనస్సునకో, లెక్కలోనికో వచ్చిచేరుట. ఎదుటివాడు ఇచ్చుచుండగా అందుకొన్నను ‘టేక్’ యే, ఇయ్యకుండగా లాగికొన్నను ‘టేక్’ యే. మర్యాదయో దౌర్జన్యమో సందర్భమును బట్టి తెలియవలసినదే గాని క్రియలో లేదు. క్రికెట్టు వ్యాఖ్యానమును వినువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 1999 ఫిబ్రవరి 7వ తేదీన ఢిల్లీలో పాకిస్తానుపై అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్సులో పది వికెట్లును తీసెను. ఆంగ్లమున ‘హి టుక్ ఆల్ టెన్’. ఫీల్డరు క్యాచి పట్టినచో ‘హి టేక్స్ ది క్యాచ్’. బ్యాట్స్‌మన్ ఒక పరుగు తీసినచో ‘టేక్స్ ఎ సింగిల్’. క్రీజులో నిలువగనే అంపైరు నడిగి గార్డు తీసికొన్నచో ‘టేక్స్ గార్డ్’. తీయుట, పట్టుట, తీసికొనుట యని మనము మూడుగా విడదీసినదానిని వారు ఒక్కటిగా నుంచిరి.

ఈ దృష్టితో చూచినచో, ఆంగ్లమునకును తెలుగునకును నడుమ అనుకోని జంటలు ఎన్నియో బయటపడును. ‘టేక్ పార్ట్’ అనుదానిని మనము ‘పాల్గొను’ అందుము. పాలు అనగా భాగము, కొను అనగా గ్రహించు. రెండుభాషలును ఒకదాని నొకటి ఎఱుగకయే ఒకే దారిని నడచినవి. తండ్రి పోలిక వచ్చిన కొడుకును గూర్చి వారు ‘హి టేక్స్ ఆఫ్టర్ హిజ్ ఫాదర్’ అనగా, మనము తండ్రిని పుణికిపుచ్చుకొన్నాడందుము. అక్కడను జరిగినది పుచ్చుకొనుటయే. పెద్దలయొద్ద సెలవు తీసికొనుటయు, కచేరిలో సెలవు తీసికొనుటయు మనకు ఒకే మాట. వారికిని ‘టేక్ లీవ్’ రెండింటికిని చెల్లును. మనకొఱకు శ్రమ తీసికొన్నవారికి కృతజ్ఞత చెప్పునప్పుడు ‘యు టుక్ సో మచ్ ట్రబుల్’ అనుట ఎంత సులభము! బాధ్యత తీసికొనుట, చొరవ తీసికొనుట, చర్య తీసికొనుట వంటివి ఆంగ్లమునుండి పత్రికల అనువాదముల గుండ మనలోనికి వచ్చినవని నాకు తోచును. ఏదైనను చేయుటకు పూనుకొనుట, నిశ్చయించుట యనెడి నిండుమాటలుండగా ప్రతిదానిని ‘తీసికొనుట’ తెలుగునకు శోభ కాదు. అయినను ఆంగ్లము నేర్చువానికి ఆ అనువాదములవలన ఈ మేలు కలిగినది: ‘టేక్ యాక్షన్’, ‘టేక్ రెస్పాన్సిబిలిటీ’, ‘టేక్ ది ఇనిషియేటివ్’ అనునవి వానికి వెల లేకయే లభించినవి.

కుదరని చోట్లను గూడ ఎఱిగియుండవలయును. ‘టేక్ ప్లేస్’ అట్టిది. జరుగుట యని దాని యర్థము. అందు ఎవ్వరును దేనిని తీసికొనుట లేదు, జరిగిన సంగతియే కర్త. మన కార్యాలయముల నివేదికలలో ‘ది మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని తఱచుగా కనబడుట, సభ ‘జరుపబడెను’ అను కర్మణి వాక్యమును మనస్సులో నుంచుకొని వ్రాయుటచేతనే. ‘ది మీటింగ్ టుక్ ప్లేస్’ అనవలయును.

ఇక అవ్యయముల సంగతి. క్రియయు అవ్యయమును కలిసి ఒక్కటిగా బ్రతికెడి ఈ జంటకు ‘ఫ్రేజల్ వర్బ్’ అను పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథము మూలమున ప్రచారమునకు వచ్చెను. ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ ఆ పేరును తనకు సూచించెనని స్మిత్ చెప్పెను. పేరు పండితులదే గాని వస్తువు బజారుది. దానిని చూడదగిన చోటు దర్జీ దుకాణము.

వదులైన రవికెను దర్జీయొద్దకు తీసికొనిపోయిన స్త్రీ మన ఊళ్ళలో ‘ప్రక్కల కుట్లు వేసి కొంచెము బిగించు’ అని చెప్పును. లండనులో ఆమెయే ‘కెన్ యు టేక్ ఇట్ ఇన్ ఎట్ ది సైడ్స్?’ అని యడుగును. దర్జీ రవికెను తిరగవేసి, బల్లపై పఱచి, పాతకుట్టునకు అరంగుళము లోపలగా సుద్దతో గీత గీసి, ఆ గీతవెంట మిషను నడిపించును. వెలుపల నున్న గుడ్డ లోపలికి పోయి దారమునకు లోబడినది. ‘ఇన్’ అనగా లోపలికి, ‘టేక్’ అనగా గ్రహించుట. రెండును కంటియెదుట జరిగినవి. పంట్లాము కాలిక్రింద పడుచున్నచో అంచును పైకి మడచి కుట్టుట ‘టేక్ అప్’. ఒళ్ళు వచ్చినవారికై లోపల దాచిన గుడ్డను విడిచి కుట్టుట మాత్రము ‘టేక్’ కాదు, ‘లెట్ అవుట్’. అక్కడ గ్రహించుట లేదు, విడుచుటయే గదా. ఒక్కసారి కుట్టుమిషను ప్రక్కన నిలుచుండి చూచినవానికి ఈ మూడును మఱపునకు రావు.

ఇప్పుడు ఈ ‘టేక్ ఇన్’ ను దుకాణమునుండి వెలుపలికి తీసికొనిరండు. దిక్కులేని పిల్లవానిని ఇంట చేర్చుకొనుట ‘టేక్ ఇన్’. గుమ్మముదాటి లోపలికి గ్రహించుటయే. గట్టి ఉపన్యాసమును విని తలకెక్కించుకొనుటయు అదియే. ఒకేసారి అన్ని సంగతులు చెప్పిన వానితో ‘ఐ కాంట్ టేక్ ఇట్ ఆల్ ఇన్’ అందురు. ఇంద్రకీలాద్రి మెట్లమీద నిలుచుండి, వానకాలపు కృష్ణను, ప్రకాశము బారేజీని, ఆవలియొడ్డున మసకగా కనబడు చెట్లవరుసను ఒక్కచూపులో కంటినిండ నింపుకొనుటకును అదియే మాట. ఇంతవరకు అందఱును ఒప్పుకొందురు. మోసపోవుటకు గూడ ‘టేకెన్ ఇన్’ అనగనే తికమకపడుదురు. మోసగాడు తియ్యని మాటలతో ఎదుటివానిని తన లోపలికి లాగికొన్నాడు. వాడు పోయి చిక్కినాడు. మనము దీనినే ‘బుట్టలో పడ్డాడు’ అందుము. బుట్టలో పడుటయు లోపలికి పోవుటయే. ‘ఐ వాజ్ కంప్లీట్లీ టేకెన్ ఇన్’ అన్నవాడు తాను చక్కగా బుట్టలో పడితినని చెప్పుకొనుచున్నాడు. అతడు నవ్వుచు చెప్పినచో మీరును నవ్వవచ్చును.

‘ఆఫ్’ దీనికి భిన్నముగా, అంటియున్నదానిని ఊడదీయును. గుడిముందు చెప్పులు విడుచుట, తలపాగ తీయుట, చెప్పిన వెలలో పదిరూపాయలు తగ్గించుట, సోమవారము కచేరి మానుట, ఇవియన్నియు ‘టేక్ ఆఫ్’. శంషాబాదులో విమానము నేలను విడుచుటయు అదియే. అక్కడ మఱియొకరు ఊడదీయుట లేదు, విమానము తానే విడివడినది. నెలలకొలది ఈగలు తోలుకొన్న అంగడి ఒక్కసారిగా పుంజుకొన్నను, ఆ విమానపు పోకడ ననుసరించి, ‘ఇట్ టుక్ ఆఫ్’ అందురు. ఇంగ్లండువారు ఒకరి గొంతును, నడకను అనుకరించి నవ్వించుటకు గూడ ఈ మాటనే వాడుదురు. ఓరుగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఆరితేరిన విద్య అది. ఎదుటివాని తీరును వానినుండి ఊడదీసి తాను తొడుగుకొనుట యని తలచినచో పొందిక కుదురును. ఈ వ్యుత్పత్తిని పండితు లొప్పుకొనకపోవచ్చును. గుర్తుండుటకు మాత్రము చాలును.

కచేరివారికి ‘ఓవర్’, ‘ఆన్’, ‘అప్’, ‘డౌన్’ నిత్యము తగులునవియే గనుక వీనిపై ఎక్కువ చెప్పను. క్రొత్త అధికారి చార్జి తీసికొనుట ‘టేక్ ఓవర్’. పనివానిని చేర్చుకొనుట, బరువు నెత్తిన వేసికొనుట, బలవంతునితో తలపడుట మూడును ‘టేక్ ఆన్’. వ్యవహారమును చేపట్టుట ‘టేక్ అప్’. చెప్పినది వ్రాసికొనుట ‘టేక్ డౌన్’.

‘టేక్ అవుట్’ దగ్గఱ కొంచెము నిలువవలయును. పన్ను పీకుట, బ్యాంకులో అప్పు తీయుట, బీమా పాలసీ తీసికొనుట, స్నేహితుని హోటలుకు భోజనమునకు తీసికొనిపోవుట, ఇంతవరకు దారి తిన్ననిదే. దీనికి ఇంకొక ‘ఆన్’ తగిలినప్పుడు వ్యవహారము మారును. పై అధికారి చీవాట్లు పెట్టగా ఏమియు అనలేక ఇంటికి వచ్చి, పలక పగులగొట్టిన పిల్లవానిపై విరుచుకుపడిన భర్తతో ఆంగ్లేయ గృహిణి ‘డోంట్ టేక్ ఇట్ అవుట్ ఆన్ ది చైల్డ్’ అనును. నిఘంటువు దీనిని వివరించుటకు ఆపసోపములు పడును. మన ఇండ్లలో అత్తమీది కోపము దుత్తమీద చూపుట యని ఒక్కముక్కలో తేలిపోవును. ఆంగ్లవాక్యమునకు ఎదురుగా ఈ సామెతను వ్రాసికొన్నవాడు నిఘంటువును తెఱవ నక్కరలేదు.

‘టేక్’ తరువాత కొంతదూరమున ‘ఫర్’ వచ్చెడి పలుకుబడికి మన వేదాంతులు ఏనాడో ఉదాహరణమును సిద్ధపఱచిరి: మసకవెలుతురులో త్రాటిని చూచి పామనుకొనుట. ‘హి టుక్ ది రోప్ ఫర్ ఎ స్నేక్’. ఇక్కడ కర్త గ్రహించినది వస్తువును కాదు, ఒక భావమును. ‘ఐ టేక్ ఇట్ యు ఆర్ కమింగ్’ అనగా, మీరు వచ్చుచున్నారనియే అనుకొనుచున్నాను అని. ‘టేక్ ఫర్ గ్రాంటెడ్’ దీని సంతానమే గాని, దీనికి సరియైన ఒక్క తెలుగుమాట దొరకదు. కుళాయినీటి విషయమున అది ఉండనే యున్నదిగదా యని ఏమఱియుండుట. కన్నతల్లి విషయమున అలుసుగా చూచుట. లెక్కలపుస్తకపు సూత్రము విషయమున ఋజువు నడుగకయే నమ్ముట. ఇట్టిచోట తెలుగుజోడుకై తల బ్రద్దలుకొట్టుకొనక, మూడు వాక్యములను మూడుగా నేర్చుట మేలు.

‘టేక్’కును ‘బ్రింగ్’కును నడుమ తడబడువారు మనలో కలరు, కాని మన భాష ఆ తడబాటునకు చోటీయలేదని వారు గమనింపరు. తీసికొనిపొమ్మనుచోట ‘టేక్’, తీసికొనిరమ్మనుచోట ‘బ్రింగ్’, అంతియే. ‘రేపు మీ ఇంటికి ఆ పుస్తకము తీసికొనివచ్చెదను’ అని, పోవువాడనే యైనను, వినువాని వైపు నిలుచుండి అందును. ఆంగ్లమునను అక్కడ ‘బ్రింగ్’ యే.

అర్థము తెలిసినవాడును జారెడి చోటు మఱియొకటి కలదు. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అన్నను ఒప్పే, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ అన్నను ఒప్పే. కాని ‘షూస్’కు బదులు సర్వనామము వచ్చినచో అది నడుమనే కూర్చుండవలయును: ‘టేక్ దెమ్ ఆఫ్’. ‘టేక్ ఆఫ్ దెమ్’ అన్నను వారికి అర్థమగునుగాని చెవికి కటువుగా తోచును. ‘టేక్ ఆఫ్టర్’, ‘టేక్ టు’ అనునవి మాత్రము తమ నడుమకు ఎవ్వరిని రానీయవు. దీనికి హేతువును వ్యాకరణమున వెదకవచ్చును. అభ్యాసమునకు హేతువు అక్కరలేదు, కొన్నిమార్లు పైకి పలికిన చాలును. పైకి అనుట ఊరక కాదు. మనము ‘టేక్’ను నొక్కి ‘ఆఫ్’ను మ్రింగివేయుదుము, వారు సర్వనామమును తేలికగా దాటి, అవ్యయమును నొక్కుదురు, వినువానికి ‘టేకిటాఫ్’ అని ఒకే మాటగా, కొనయందు ఊనికతో సోకును. అదియే విమానపు ‘టేకాఫ్’ అను నామవాచకమైనప్పుడు ఊనిక మొదటికి మఱలును. ఈ లయ చెవికెక్కనివాడు పుస్తకమున ఎన్ని పలుకుబళ్లు చదివినను, ఎదుటివాడు మాటాడునప్పుడు వానిని గుర్తింపలేడు.

ఇంతటి శక్తిగల పొట్టిక్రియలతోనే ఆంగ్లము నంతను నడుపవచ్చునని తలచినవాడు ఒకడు కలడు. 1930లో సి. కె. ఆగ్డెన్ ‘బేసిక్ ఇంగ్లీష్’ అనుపేర 850 మాటల చిన్నభాషను నిర్మించి, క్రియలను పదునెనిమిదింటికి కుదించెను. వానిలో ‘టేక్’ ఒకటి. 1943లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మాటాడుచు చర్చిల్ దానిని మెచ్చుకొనెను. అయినను అది నిలువలేదు. వేలకొలది క్రియల బరువును పదునెనిమిదింటిమీద పెట్టుటచేత, మాటలు తగ్గినవే గాని నేర్చువాని భారము తగ్గలేదని నా తలంపు. ‘డిసీవ్’ను తీసివేసి ‘టేక్ ఇన్’ను నేర్పుట పరదేశికి ఉపకారమగునా? అంతకంటె ఎ. ఎస్. హార్న్‌బీ మార్గము తెలివైనది. టోక్యోలో జపాను విద్యార్థులకు పాఠము చెప్పుచు, వారు మాటల అర్థమునకంటె మాటల అమరికకే తడబడుచున్నారని గుర్తించి, తోటివారితో కలిసి 1942లో అక్కడనే ఆయన ప్రకటించిన నిఘంటువు, క్రియ ఏ వాక్యమున ఎట్లు కూర్చుండునో చూపుటకు పూనుకొన్నది. 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని పునర్ముద్రించిరి. ఆ సంతతి నిఘంటువునే విద్యార్థి కొనవలయును. ఆంగ్ల-తెలుగు నిఘంటువు చదువుటకు సాయపడును, మాటాడుటకు చాలదు.

నిఘంటువుతోపాటు ఒక నోటుపుస్తకము కావలయును. దానిని అక్షరక్రమమున నింపవలదు. ఒక్కొక్క పుటను ఒక్కొక్క చోటికి కేటాయింపుడు: దర్జీ దుకాణము, బస్సుస్టాండు, కచేరి, వంటిల్లు, ఆసుపత్రి. ఎడమప్రక్క ఆంగ్లవాక్యము నిండుగా. కుడిప్రక్క ఆ సందర్భమున మీ ఇంట నిజముగా అనెడి తెలుగుమాట. ఆసుపత్రి పుట ఇట్లుండవచ్చును. నర్సు ‘లెట్ మి టేక్ యువర్ టెంపరేచర్’ అన్నచో ‘జ్వరం చూస్తాను’. వైద్యుడు స్టెతస్కోపు నానించి ‘టేక్ ఎ డీప్ బ్రెత్’ అన్నచో ‘గట్టిగా ఊపిరి తీసుకో’. ‘దే టుక్ సమ్ బ్లడ్’ అన్నచో ‘రక్తం తీశారు’. ‘టేక్ దీజ్ ఆఫ్టర్ ఫుడ్’ అన్నచో ‘అన్నం తిన్నాక వేసుకో’. ‘టేక్ ఇట్ ఈజీ ఫర్ ఎ వీక్’ అన్నచో ‘ఒక వారం ఒళ్ళు అలవనీయకు’. ఇట్టిచోట్ల ‘ఔషధమును సేవింపుము’ వంటి మాటలు వ్రాసినచో ఆ పుట వ్యర్థమైనట్లే. నేను ఈ అధ్యాయమున ఎట్లు వ్రాసినను, మీ నోటుపుస్తకమున ఇంటిభాషయే యుండవలయును. ఏలయనగా, ఇంటి ఆంగ్లమునకు ఇంటి తెలుగే సాటిరాగలదు. ఒకపుట నింపినపిదప ఆ చోటికి పోయి వచ్చువఱకు రెండవపుట జోలికి పోవలదు.

విదేశములకు పోవు పిల్లలు ఇంకొక పుటను చేర్చుకొనవలయును. మనకు విద్యార్థి పరీక్ష వ్రాయును, అధ్యాపకుడు క్లాసు తీసికొనును. అమెరికాలో పరీక్షను అధ్యాపకుడు ‘గివ్’ చేయును, విద్యార్థి ‘టేక్’ చేయును; క్లాసును ‘టేక్’ చేయువాడును విద్యార్థియే. అక్కడ ఎం.ఎస్. చదువుచు, ఖర్చులకై క్రిందితరగతులకు పాఠము చెప్పెడి తెలుగు కుఱ్ఱవాడు అలసి గదికి వచ్చి ‘ఐ టుక్ టూ క్లాసెస్ టుడే’ అన్నచో, రెండు క్లాసులలో కూర్చుండి విని వచ్చినాడని తోడివాడు తలచును, ‘టాట్’ అనవలయును. ‘ఐ రోట్ ది ఎగ్జామ్’ అన్నచో ప్రశ్నపత్రమును కూర్చినవాడు ఇతడే కాబోలని భ్రమపడుటకు గూడ వీలున్నది. ‘డోంట్ టేక్ టెన్షన్’ అను మన ఓదార్పు అక్కడ చెల్లదు. ‘డోంట్ వర్రీ’ చాలును. స్నానమునకు అమెరికావారు ‘టేక్ ఎ షవర్’ అందురు, ఇంగ్లండువారు తఱచుగా ‘హావ్ ఎ షవర్’ అందురు. ఒక వర్తకుడు షేర్లలో ‘టుక్ ఎ బాత్’ అని వినినప్పుడు మాత్రము సబ్బును తలపవలదు, అతడు నిండ మునిగెనని తెలిసికొనుడు. నిర్ణయమునకు అమెరికావారు ‘మేక్’ను చేర్తురు, ఇంగ్లండువారు ‘టేక్’ను గూడ చేర్తురు, మనము వారి బాటనే పట్టితిమి. కెనడాలో మాత్రము పరీక్షను ‘రైట్’ చేయుట వాడుకలో నున్నది. టొరంటోలో చేరిన పిల్లవాడు ఆ ఒక్క విషయమున తన హైదరాబాదు మాటను మార్చుకొన నక్కరలేదు.